ఉతికితే కాలర్ మీద బుడగలు: ఏ బక్రం వాడాలి?

కాజాగుండీ: పలుచని నూలు చొక్కాలు కుడుతున్నాం. కాలర్‌కు అతికే బక్రం (బిగువు కోసం లోపల వేసే, జిగురున్న పొర) వేస్తే మొదటి ఉతుకుకే బుడగలు తేలాయి. నేత రకం మంచిదా, నేయకుండా పోగులు అతికించి చేసే నాన్‌వోవెనా? ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు)? నల్ల బట్టకు తెల్లది వేయవచ్చా?

పడుగుపేక: కాలర్‌కు నాన్‌వోవెన్ వేసేవారికి ఒక దండం! నేసిన నూలు బక్రమే వేయండి. బట్ట ఒక లెక్కన, బక్రం మరో లెక్కన కుంచించుకుపోతే పాపం జిగురేం చేస్తుంది?

మిషన్‌మాస్టర్: ఇస్త్రీపెట్టెతో అతికించి ఉంటారు. బుడగలు రాక ఏమొస్తాయి?

పాతకత్తెర: ఇస్త్రీపెట్టెను అంత తేలిగ్గా తీసేయకండి. అటూ ఇటూ రుద్దకుండా, ఎత్తి పెట్టి నొక్కాలి. నేను అతికించిన కాలర్లు చొక్కా చిరిగేదాకా ఊడలేదు.

మిషన్‌మాస్టర్: ఒకటీ అరా చొక్కాలకు చెల్లుతుంది. వేలల్లో కుట్టేచోట ప్రతి కాలర్‌కూ మీ చేతి బరువు ఒకేలా పడుతుందా?

పాతకత్తెర: మీటలు నొక్కేవారికి చేతి పని విలువ ఏం తెలుస్తుంది లెండి.

జిగురుచుక్క: ఇద్దరూ ఆగండి. నేను ఫ్యూజింగ్ (బక్రం వేడితో అతికించే) విభాగం నడిపినవాణ్ణి. వేడి, ఒత్తిడి, సమయం, ఈ మూడూ కుదరాలి. డయల్ మీద 160 డిగ్రీలు కనిపించినంత మాత్రాన జిగురు దగ్గర అంత వేడి ఉందనుకోకూడదు. రెండు పొరల మధ్య థర్మోపేపర్ (తగిలిన వేడిని చూపే కాగితం) పెట్టి చూడండి. జిగురు ఏ రకమో కూడా అడగండి. చొక్కా కాలర్‌కు హెచ్‌డీపీఈ (ఎక్కువ సాంద్రత పాలిథిలిన్) జిగురు కావాలి, అది ఉతుకులకు ఆగుతుంది. ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత రకం) తక్కువ వేడికే అతుకుతుంది, అంత తేలిగ్గానే ఊడుతుంది. ప్రెస్సు నుంచి తీసిన ముక్కను చల్లారేదాకా వంచవద్దు.

సూటుబూటు: అసలు ఈ జిగురు గోలే వద్దు. కోటు ముందుభాగానికి గుర్రపు వెంట్రుకల కాన్వాస్ పెట్టి చేత్తో కుట్టి చూడండి, ఛాతీ మీద ఎంత అందంగా ఒదుగుతుందో!

పడుగుపేక: అడిగింది చొక్కా గురించి అయ్యా.

సూటుబూటు: మంచి మాట చెబితే తప్పా?

కాజాగుండీ: మా దగ్గర ప్రెస్సు మిషనే ఉంది. నల్ల బట్ట సంగతి కూడా ఎవరైనా చెబుతారా?

జిగురుచుక్క: నల్లదానికి నల్ల బక్రమే వేయండి, తెల్లది పలుచని బట్టలోంచి బూడిదరంగులో కనబడుతుంది. బక్రం మీది జిగురు చుక్కలు సన్నగా, దగ్గరగా ఉన్న రకం తీసుకోండి. పెద్ద చుక్కలైతే జిగురు బట్ట పైకి ఉబుకుతుంది. జీఎస్ఎం మాత్రం మీ బట్ట చూడకుండా చెప్పలేను. రెండు మూడు రకాలు అతికించి, ఉతికి, కొస పట్టుకుని లాగి చూడండి.

పాతకత్తెర: ఇస్త్రీపెట్టెతో కూడా ఒక ముక్క అతికించి చూడమనండి, తేలిపోతుంది.