డెలిగేట్‌ని ‘ప్రతినిధి’ అనవచ్చా?

ప్రశ్న: అమెరికాలో పార్టీలు అధ్యక్ష అభ్యర్థిని ఎలా ఎంచుకుంటాయో చెప్పే వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నానండీ. పార్టీ మహాసభకు వెళ్లి అభ్యర్థిని ఎన్నుకునే డెలిగేట్‌కి ‘ప్రతినిధి’ అనీ, పాపులర్ ఓటుకి ‘జనాదరణ ఓటు’ అనీ రాశాను. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి చదివి, "నాన్నా, ఇలా రాస్తే ప్రతినిధుల సభ సభ్యులే అభ్యర్థిని ఎన్నుకుంటారని అనుకుంటారు" అంది. ఏం రాస్తే బాగుంటుంది?

జవాబు: మీ అమ్మాయి చెప్పిన చిక్కు నిజమేనండీ, అమెరికా పార్లమెంటు దిగువ సభనీ తెలుగులో ‘ప్రతినిధుల సభ’ అనే అంటాం. అయినా ‘ప్రతినిధి’ని వదులుకోవద్దు. మన కమ్యూనిస్టు పార్టీల మహాసభల్లో డెలిగేట్లు కూర్చునే సమావేశాన్ని ‘ప్రతినిధుల సభ’ అనే అంటారు, జనం వచ్చేది ‘బహిరంగ సభ’. మొదటిసారి ‘పార్టీ మహాసభ ప్రతినిధి’ అని పూర్తిగా రాయండి, ఆ తర్వాత ‘ప్రతినిధి’ చాలు.

నాకు ఈ మాట మీద ఇష్టం ఇంకో కారణం వల్ల. ‘ప్రతినిధి’ అంటే ఒకదాని బదులు పెట్టినది. యజ్ఞంలో చెప్పిన ద్రవ్యం దొరక్కపోతే దాని స్థానంలో వాడేదాన్ని, యజ్ఞవిధులను చర్చించే మీమాంసకులు ప్రతినిధి అన్నారు. సోమలతకు బదులు వాడే పూతీక అనే మొక్క అలాంటిదే. ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరన్న దానిపై రాష్ట్రంలో జరిగే ఓటింగులో, ఓటేసినవాళ్లంతా మహాసభకు వెళ్లలేరు, వాళ్ల బదులు డెలిగేట్ వెళ్తాడు. అర్థం అతికినట్టు సరిపోయింది.

‘జనాదరణ ఓటు’ మాత్రం తీసేయండి. జనాదరణ సినిమాకి ఉంటుంది. ఇక్కడ చెప్పాల్సింది ‘జనం వేసిన మొత్తం ఓట్లు’. ఆ మొత్తానికీ, ప్రతినిధుల లెక్కకీ పొంతన ఉండాలని లేదు. 2008లో టెక్సస్ డెమొక్రటిక్ ప్రైమరీలో ఎక్కువ ఓట్లు హిల్లరీ క్లింటన్‌కి వచ్చాయి. కానీ ఆ రోజు రాత్రే కాకస్‌లు, అంటే పార్టీవాళ్లు స్థానికంగా సమావేశమై తమ మద్దతు ఎవరికో చెప్పే సభలు, కూడా జరిగాయి, వాటిలో ఒబామా ముందున్నారు. ప్రైమరీ లెక్కన హిల్లరీకి 65 మంది ప్రతినిధులు, ఒబామాకి 61. కాకస్‌లలో ఒబామాకి 38, హిల్లరీకి 29. రెండూ కలిపితే ఒబామా 99, హిల్లరీ 94. అందుకే "టెక్సస్‌లో ఎవరు గెలిచారు?" అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాయకండి. ఏ లెక్కలో గెలిచారో రాయండి.

రిపబ్లికన్ల దగ్గర కొన్ని రాష్ట్రాల్లో ఈ తేడా ఇంకా పెద్దది. 2016లో సౌత్ కరోలినాలో ట్రంప్‌కి దాదాపు 32.5 శాతం ఓట్లే వచ్చాయి, ప్రతినిధులు మాత్రం 50కి 50 ఆయనకే. డెమొక్రాట్లు కనీసం 15 శాతం ఓట్లు వచ్చినవాళ్లకు ప్రతినిధులను దామాషాలో పంచుతారు.

మరొకరు: మీ అర్థం ప్రకారం సూపర్ డెలిగేట్‌ని ‘మహా ప్రతినిధి’ అనవచ్చా?

జవాబు: అనకూడదండీ. ఆయన ఏ ఓటరు బదులూ వెళ్లడు. గవర్నరో, సెనేటరో, పార్టీ జాతీయ కమిటీ సభ్యుడో కాబట్టి తన హోదాతో వెళ్తాడు. డెమొక్రటిక్ పార్టీలో 1984 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. 2018లో మార్చిన నిబంధన ప్రకారం, ప్రైమరీల్లోనే ఎవరికీ తిరుగులేని ఆధిక్యం రాకపోతే, మొదటి విడత ఓటింగులో వాళ్లకు ఓటు లేదు. నేనైతే ‘హోదా సభ్యుడు’ అంటాను. ఓటర్ల తరఫున మాట ఇచ్చి వెళ్లేవాళ్లను ‘కట్టుబడిన ప్రతినిధులు’ అంటాను.

ప్రశ్న వేసినవారు: అధ్యక్ష పోటీ నుంచి బైడెన్ తప్పుకున్నప్పుడు ఆ కట్టుబాటు ఏమైంది మరి? ఆ సంగతి కూడా వ్యాసంలో ఉంది.

జవాబు: 2024 జూలై 21న ఆయన తప్పుకున్నారు. అప్పటికి కోటి మందికి పైగా ఓటర్లు ప్రైమరీల్లో ఆయనకు ఓటేశారు. ప్రతినిధులు తమను పంపినవాళ్ల అభిప్రాయాన్ని మనస్సాక్షితో ప్రతిబింబించాలని డెమొక్రటిక్ పార్టీ నిబంధన చెబుతుంది తప్ప, లేని అభ్యర్థికి ఓటేయమనదు. ఆగస్టు మొదట్లో ఆన్‌లైన్ ఓటింగులో ఆ ప్రతినిధులు కమలా హారిస్‌ని అభ్యర్థిగా ఎన్నుకున్నారు. ఇక్కడ ‘కట్టుబాటు తప్పారు’ అని రాయకండి. ‘కట్టుబాటు తొలగింది’ అనండి. క్రియ మారితే తప్పు ఎవరిదన్నదే మారిపోతుంది.