అప్‌డేట్: అడవి దారుల్లో తిరిగొచ్చాక స్టీరింగ్ వణుకు, కారణం తెలిసింది

మట్టిరోడ్ల మీదుగా, అడవి గుండా ఒక రోజంతా కారు నడిపి వచ్చాక, తారురోడ్డుపై వేగం 80 కిలోమీటర్లు దాటగానే స్టీరింగ్ వణుకుతోందని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

చక్రాల లోపలి వైపు చూడమన్న సలహాయే ఫలించింది. మెకానిక్ ముందు చక్రాలు విప్పి చూడగా, ఎడమ చక్రం రిమ్ము లోపలి అంచున వేలెడు మందాన బురద గడ్డిపోచలతో సహా ఎండి ఇటుకలా గట్టిపడి ఉంది. బయటి నుంచి చూస్తే ఆ చక్రం శుభ్రంగానే కనిపించేది. బురద ఒక పక్కనే పేరుకోవడంతో చక్రం సమతూకం తప్పి, వేగం పెరిగేకొద్దీ ఆ అదురు స్టీరింగ్‌కు చేరుతోందని ఆయన వివరించారు. గీకి, కడిగించాక వణుకు పూర్తిగా పోయింది. చక్రం సమతూకాన్ని కొలిచే బ్యాలెన్సింగ్ యంత్రంపై పరీక్షించినా, దాన్ని సరిచేయడానికి రిమ్ముకు తగిలించే కొత్త బరువు బిళ్లలేవీ అవసరం రాలేదు.

అలైన్‌మెంట్ (చక్రాలు సరైన కోణంలో, వరుసలో ఉండటం) చెడిందేమోనని అప్పటి సమాధానాల్లో జరిగిన చర్చంతా దీనికి సంబంధించనిదే: అది చెడితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు ఒకవైపే అరుగుతాయి, నా కారులో ఆ రెండూ లేవు. టైరు ఉబ్బిందేమోనని కొందరు వెలిబుచ్చిన అనుమానం మాత్రం సహేతుకమే కనుక దాన్నీ చూపించాను, టైర్లు బాగానే ఉన్నాయి.

సైలెన్సర్ గొట్టానికి చిక్కుకున్న ఎండుగడ్డిని కూడా అప్పుడే తీసేశారు. అది వేడికి అంటుకోగలదు కాబట్టి, అలాంటి దారుల్లో తిరిగేవారు కారు అడుగుభాగం కూడా చూసుకోవడం మంచిది.