బ్రూనో ఉండిపోయాడు సరే, జెర్సీ మీద పేరు వేయించాలా వద్దా?

పటమట_రెడ్ (విజయవాడ)

మొన్న సాయంత్రం బీసెంట్ రోడ్డులో జెర్సీల మీద పేర్లు వేసే కొట్టు ముందు అరగంట నిలబడి, ఏమీ వేయించకుండానే ఇంటికొచ్చేశాను. అందుకే ఈ పోస్ట్.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2025 మే 21న బిల్బావోలో జరిగిన యూరోపా లీగ్ ఫైనల్లో మా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్, టాటెన్‌హామ్ చేతిలో 0-1తో ఓడిపోయింది. ప్రీమియర్ లీగ్‌లో 42 పాయింట్లతో 15వ స్థానం. సరిగ్గా అప్పుడే సౌదీ క్లబ్ అల్ హిలాల్ మా కెప్టెన్ బ్రూనో ఫెర్నాండెస్‌కి గాలం వేసింది. పోతున్నాడని ఒకరు, పోవడం లేదని ఒకరు, ఒకటే పుకార్లు. చివరికి జూన్ మొదట్లో పోర్చుగల్ జట్టు క్యాంపులో ఉండగా, వెళ్ళడం లేదని తనే చెప్పాడు. భార్యతో మాట్లాడానని, అప్పటి కోచ్ అమోరిమ్ ఉండమన్నాడని, ఇంకొన్నాళ్ళు పెద్ద స్థాయిలోనే ఆడాలని ఉందని అన్నాడు. మేం పండగ చేసుకున్నాం.

డిసెంబర్లో పోర్చుగల్ ఛానెల్‌కి ఇచ్చిన ఇంటర్వ్యూలో అసలు సంగతి బయటపడింది. నువ్వు పోయినా మాకేం పెద్ద నష్టం లేదన్నట్టు క్లబ్ వాళ్ళ తీరు ఉందని, అది తనకి తగిలిందని చెప్పాడు. అంటే మన భాషలో పొమ్మనలేక పొగబెట్టారన్నమాట.

నా ప్రశ్న ఇది. పోతాడేమోనని మనల్ని టెన్షన్ పెట్టి ఉండిపోయిన ఆటగాడిని మళ్ళీ అదే ప్రేమతో చూడాలా? నా దగ్గర రాష్‌ఫోర్డ్ 10 నంబర్ జెర్సీ ఉండేది. రాష్‌ఫోర్డ్ లోన్ మీద వేరే క్లబ్బుకి పోయాడు, 10 నంబరు కున్యాకి ఇచ్చారు, మా అమ్మ ఆ జెర్సీతో స్కూటీ తుడుస్తోంది. ఇంకోసారి అలా కాకూడదని భయం.

గోంగూర_గన్నర్ (గుంటూరు, బ్రాడీపేట)

15వ స్థానం జట్టులో ఉండిపోవడాన్ని విధేయత అంటారా, అలవాటు అంటారా తమ్ముడూ?

జోకు పక్కన పెడితే, మీరు ఎందుకు పండగ చేసుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఉండి ఏం చేశాడు? ఆగస్టులో ఫుల్హామ్ మీద పెనాల్టీ ఆకాశంలోకి కొట్టాడు. సెప్టెంబర్లో బ్రెంట్‌ఫోర్డ్ మీద ఇంకోటి వాళ్ళ గోలీ కెల్లెహర్ చేతికి ఇచ్చాడు. మధ్యలో నాలుగో డివిజన్ గ్రిమ్స్‌బీ చేతిలో లీగ్ కప్ నుంచి మీరు బయటికి. షూటౌట్ 12-11 అటండీ, అది ఫుట్‌బాల్ స్కోరా, కబడ్డీ స్కోరా?

పటమట_రెడ్

అన్నా, 2013లో లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్ కోసం 4 కోట్ల పౌండ్ల మీద ఒక్క పౌండు ఎక్కువ వేసి పంపించింది మీ ఆర్సెనల్ కాదా? కిరాణా కొట్టు బేరంలా.

గోంగూర_గన్నర్

ఆ ఒక్క పౌండు మా గుండెల్లో ఇంకా గుచ్చుకునే ఉంది, ఎత్తకు. కానీ నువ్వే మంచి ఉదాహరణ ఇచ్చావు. సువారెజ్‌ని లివర్‌పూల్ పోనివ్వలేదు. మొహం మాడ్చుకుని ఉన్నాడు. ఆ సీజన్లో లీగ్‌లో 31 గోల్స్ కొట్టాడు, టైటిల్ వాకిట్లోకి తెచ్చి ఆగిపోయారు. మరుసటి వేసవికి బార్సిలోనా వెళ్ళిపోయాడు. ప్రేమతో ఉన్నాడా? లేదు. పనికొచ్చాడా? బ్రహ్మాండంగా. ఆటగాడి మనసులో ఏముందో తవ్వడం మానేసి గోల్స్ లెక్కపెట్టుకుంటే నీకు నిద్ర పడుతుంది.

సీఏ_ఇంటర్_మూడోసారి (విజయవాడ)

ఇక్కడ ఎవరూ లెక్కలు మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతాను.

బ్రూనోకి అప్పటికే 30 ఏళ్ళు. పత్రికల్లో వచ్చినదాన్ని బట్టి అల్ హిలాల్ దాదాపు 10 కోట్ల పౌండ్లకి సిద్ధమైంది. ఆ వయసు ఆటగాడికి ఆ ధర మళ్ళీ రాదు. పైగా ఇందులో ఒక కిటుకు ఉంది. ఆటగాడిని కొన్న డబ్బుని క్లబ్బులు ఒక్క ఏడాదిలో ఖర్చు కింద చూపించవు. లారీ కొని ఏటా తరుగు రాసినట్టు, కాంట్రాక్ట్ ఉన్నన్నేళ్ళూ కొంచెం కొంచెం రాస్తాయి. బ్రూనోని కొన్నది 2020 జనవరిలో. ఖాతాలో ఇప్పుడు మిగిలిన విలువ చాలా తక్కువ. అమ్మితే వచ్చినదంతా దాదాపు లాభమే. మూడేళ్ళలో 10.5 కోట్ల పౌండ్లకి మించి నష్టం చూపకూడదన్న అప్పటి ప్రీమియర్ లీగ్ నిబంధన కింద నలిగిన క్లబ్బుకి అది సంజీవని.

అదే వేసవిలో యునైటెడ్ కున్యా, ఎంబ్యూమో, షెష్కోల మీద దగ్గర దగ్గర 20 కోట్ల పౌండ్లు పోసింది. ఆ డబ్బులో సగం ఒక్క సంతకంతో వచ్చేది. మీ ప్రేమ సరే, బ్యాలెన్స్ షీట్‌లో దానికి గడి లేదు.

కొత్తపేట_గోలీ (గుంటూరు)

సీఏ గారూ, లెక్క కరెక్టే. కానీ ఆ ముగ్గురు ఫార్వర్డ్‌లకి బంతి అందించేదెవరు? ఆడిటరా?

నేను కాలేజీ జట్టులో గోల్‌కీపింగ్ చేశాను, కాబట్టి కొంచెం లోపలి మాట చెప్తాను. జట్టులో ఒకరు పోతారని గుసగుస మొదలైతే గోల్ దగ్గర నిలబడిన నాకు ముందు తెలిసిపోయేది. అరుపులు తగ్గిపోయేవి. ఎవరూ ఎవరినీ తిట్టుకోరు. తిట్టుకోవడం లేదంటే ఆశ వదిలేసినట్టే. బ్రూనో చేతులు ఊపుకుంటూ అందరి మీదా అరుస్తాడని చాలామందికి కోపం. నాకు మాత్రం ఆ మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడనడానికి అదే రుజువు.

ఇంకో మాట. విధేయత గురించి ఆటగాళ్ళకి నీతులు చెప్పే మనం ఎవరం? మా బ్రాడీపేట మెస్‌లో నాతో తిన్నవాళ్ళలో ఇప్పుడు ఊళ్ళో ఉన్నది ఇద్దరే. మిగతావాళ్ళంతా హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్. మా తమ్ముడు గుంటూరులోనే ఉద్యోగం చూసుకుంటానంటే ఇంట్లో మూడు రోజులు ఏడుపులు. ఉండిపోతానంటే ఏడ్చే ఊళ్ళో కూర్చుని, వారానికి కోట్లు ఇస్తామన్నా పోనివాణ్ణి అనుమానిస్తున్నాం.

సీఏ_ఇంటర్_మూడోసారి

అక్కా, డల్లాస్ మాట ఎత్తకండి, మా ఇంట్లో ఇప్పుడు అదే గొడవ.

బీఆర్_స్టేడియం_మాస్టారు (గుంటూరు)

నేను స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. ప్రీమియర్ లీగ్ మా మనవడు పెడితే చూస్తాను. గోలీ అమ్మాయి చెప్పిన మాటకి నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది.

తెనాలి వైపు పల్లె నుంచి ఒక కుర్రాడు మా జట్టులో ఎడమవైపు ఆడేవాడు. కాళ్ళకి బూట్లు లేని రోజుల్లో కూడా బంతి వాడి దగ్గర అతుక్కున్నట్టుండేది. ఇంకో స్కూలు వాళ్ళు ఫీజు మాఫీ, బూట్లు, బస్సు అంటూ పిలిచారు. వాడు రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాడు. సంగతి మా పిల్లలకి తెలిసింది. నెల తిరిగేసరికి వాడే నా దగ్గరికొచ్చి, వెళ్ళనండీ అన్నాడు. ఎందుకని నేనడగలేదు. నేను సంతోషించాను. పిల్లలు సంతోషించలేదు.

ఆ తర్వాత మొదటి మ్యాచ్‌లో మొదటి సగమంతా వాడికి బంతి అందింది రెండేసార్లు. ఎవరూ ఏమీ అనలేదు, పాస్ ఇవ్వలేదు అంతే. ఇంటర్వెల్‌లో నిమ్మకాయ ముక్కలు పంచుతుంటే వాడు చివర కూర్చున్నాడు, పళ్ళెం వాడి దాకా వచ్చేసరికి తొక్కలే మిగిలాయి. నేను కలగజేసుకుందామని లేచి, మళ్ళీ కూర్చున్నాను.

రెండో సగంలో వాడు తన స్థానం వదిలేసి, వెనక్కి వెనక్కి వచ్చి, మా గోలీ ముందు నిలబడి చెయ్యి చాపాడు. గోలీకి ఇంకో దారి లేక వాడికే వేశాడు. అక్కణ్ణుంచి మోసుకెళ్ళాడు. మరుసటి సారీ అంతే. నాలుగోసారికి మా సెంటర్ హాఫ్ వాడి పేరు పెట్టి అరిచాడు. అంతే, అయిపోయింది. ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం, అది వేరే సంగతి.

2025-26 సీజన్లో మీ బ్రూనోని కూడా బాగా వెనక్కి తెచ్చి మిడ్‌ఫీల్డ్‌లో ఆడించడం మనవడి ఫోన్లో చూశాను. వీడూ గోలీ దగ్గరికొచ్చి బంతి అడుగుతున్నాడు.

జడ్డూ_వీరాభిమాని (విజయవాడ, కృష్ణలంక)

మాస్టారూ, నమస్కారం. ఫుట్‌బాల్‌లో నేను చిన్నపిల్లాణ్ణి, క్రికెట్ ఉదాహరణే ఇస్తాను.

2022లో చెన్నై జడేజాకి కెప్టెన్సీ ఇచ్చి, ఎనిమిది మ్యాచ్‌లకే మళ్ళీ ధోనీకి అప్పగించింది. అలిగాడన్నారు, వెళ్ళిపోతాడన్నారు. ఉన్నాడు. 2023 ఫైనల్లో ఆఖరి రెండు బంతులకి పది పరుగులు కావాలి. ఒక సిక్స్, ఒక ఫోర్. మా వీధిలో తెల్లవారుజామున టపాకాయలు పేల్చాం. అదే జడేజాని 2025 నవంబర్లో సంజూ శాంసన్ కోసం రాజస్థాన్‌కి ట్రేడ్ చేసేశారు. ఆటగాడు ఉన్నాడు, యాజమాన్యం ఉండనివ్వలేదు. బ్రూనో చెప్పింది వింటే నాకు ఇదే గుర్తొచ్చింది.

గోంగూర_గన్నర్

అదే నేను చెప్పేదీ. క్లబ్ ఎలాగూ నిన్ను ఒకరోజు అమ్ముతుంది, నువ్వే ముందు పో. హ్యారీ కేన్‌ని చూడండి. 2021లో మాంచెస్టర్ సిటీకి వెళ్దామనుకున్నాడు, టాటెన్‌హామ్ వదల్లేదు, ఉండిపోతున్నానని ట్వీట్ పెట్టాడు. రెండేళ్ళు ఉన్నాడు, కప్పు లేదు. 2023లో జర్మనీ క్లబ్ బేయర్న్‌కి వెళ్ళాడు, 2025 మేలో లీగ్ గెలిచాడు. కెరీర్‌లో మొదటి పెద్ద ట్రోఫీ.

పటమట_రెడ్

అన్నా, అదే నెలలో కేన్ లేని టాటెన్‌హామ్ కూడా కప్పు గెలిచింది. ఎవరి మీద గెలిచిందో చెప్పను.

కొత్తపేట_గోలీ

లివర్‌పూల్ కెప్టెన్ గెరార్డ్‌ని మర్చిపోయారు. 2005 జూలైలో పోతానన్నాడు, అభిమానులు జెర్సీలు తగలబెట్టారు, ఒక్క రోజులో మాట మార్చుకుని ఉండిపోయాడు. ఏడాది తిరగకుండా ఎఫ్ఏ కప్ ఫైనల్లో వెస్ట్‌హామ్ మీద ఓడిపోతున్న మ్యాచ్‌ని ఆఖరి నిమిషాల్లో దూరం నుంచి కొట్టి 3-3 చేశాడు. లీగ్ మాత్రం చివరిదాకా గెలవలేదు. జెర్సీ తగలబెట్టినవాళ్ళు ఆ ఫైనల్ రోజు ఏ చొక్కా వేసుకున్నారా అని నాకెప్పుడూ అనుమానం.

మాజీ_హైదరాబాద్_ఎఫ్‌సీ (విజయవాడ, భవానీపురం)

మీ బాధలు చూస్తే నాకు కుళ్ళుగా ఉంది. ఆటగాడు ఉంటాడా పోతాడా అని మీ గోల. నా జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీయే పోయింది.

2022 మార్చి 20, గోవా ఫతోర్డా. కేరళ బ్లాస్టర్స్ మీద 1-1, షూటౌట్‌లో కట్టిమణి మూడు ఆపాడు, ఇండియన్ సూపర్ లీగ్ కప్పు మాది. ఆ సీజన్లో ఓగ్బెచే 18 గోల్స్. మా హైదరాబాదీ రహీమ్ సాబ్ కోచ్‌గా ఇండియాని 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో బంగారానికి తీసుకెళ్ళాడు కదా, ఆ ఊరికి మళ్ళీ రోజులొచ్చాయనుకున్నాను. తర్వాత జీతాల గొడవలు, ఆటగాళ్ళు ఒక్కొక్కరే ఖాళీ. 2025లో క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. నా దగ్గర పసుపు జెర్సీ ఉంది. స్కూటీ తుడవడానికి కూడా మనసొప్పడం లేదు.

పటమట_రెడ్

అన్నా, దీనికేం జవాబు చెప్పాలో తెలియడం లేదు. నిజంగా.

గోంగూర_గన్నర్

నేనూ తప్పుకుంటున్నా. అల్ హిలాల్ మాట ఒక్కటి చెప్పి పోతాను. పెద్ద స్థాయిలో ఆడాలని సౌదీ వద్దన్నాడు కదా. నెల తిరక్కుండా క్లబ్ వరల్డ్ కప్‌లో అదే అల్ హిలాల్ మాంచెస్టర్ సిటీని 4-3తో ఇంటికి పంపింది. మీరు ఆ సీజన్లో ఆ టోర్నీ టీవీలో చూశారు.

పటమట_రెడ్

సిటీని ఇంటికి పంపితే మాకు సంతోషమే అన్నా, ఆ రోజు నేను కూడా సౌదీ అభిమానినే.

ఇంతకీ మాస్టారు చెప్పింది రెండుసార్లు చదివాను. నాకు గుర్తొచ్చింది ఫైనల్ కాదు, 2025 ఏప్రిల్లో అదే యూరోపా లీగ్‌లో లియోన్ మ్యాచ్. ఇంట్లో ఉక్కపోత, మేడ మీద చాప వేసుకుని ఫోన్లో చూస్తున్నాను. అదనపు సమయంలో 2-4. ఫోన్ కట్టేసి పడుకుందామనుకున్నాను. 114వ నిమిషంలో బ్రూనో పెనాల్టీ. కొట్టి సంబరం చేసుకోలేదు, బంతి పట్టుకుని మధ్యలోకి పరుగు. 120లో మైనూ గోల్, 121లో మాగ్వైర్ తలతో ఇంకోటి. 5-4. నేను పెట్టిన అరుపుకి పక్కింటి పిన్నిగారు దొంగలనుకుని లైట్లన్నీ వేసేశారు. అప్పటికి ఆయన పోతాడో ఉంటాడో ఎవరికీ తెలియదు. ఆ పరుగు మాత్రం నేను చూశాను.

సీఏ బ్రో చెప్పిన లెక్క తప్పని నేననను. వచ్చే వేసవికి అమ్మేసినా ఆశ్చర్యపోను. కానీ ఇవాళ మళ్ళీ కొట్టుకెళ్ళాను. 8 నంబర్, పేరు తెలుగులో వేస్తారా అని అడిగాను. అక్షరానికి ఇరవై అన్నాడు. ఫెర్నాండెస్ అంటే ఎన్ని అక్షరాలని వేళ్ళ మీద లెక్కపెట్టాడు, ఒత్తు దగ్గర ఆగిపోయి ఓనర్‌ని పిలిచాడు.

బ్రూనో చాలన్నాను. రెండక్షరాలు, ఒక ఒత్తు. ఒత్తుకి వేరే డబ్బులు అడిగాడు.

సీఏ_ఇంటర్_మూడోసారి

ఒత్తుకి ఎంత తీసుకున్నాడు?

పటమట_రెడ్

పది. బేరమాడలేదు.