హెల్మింథియాసిస్ అంటే నులిపురుగులేనా? అమీబియాసిస్ కూడా అందులోకి వస్తుందా?

ప్రశ్న: పలకాబలపం

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. ఫిబ్రవరి 10న పిల్లలకు నులిపురుగుల నివారణకు ఆల్బెండజోల్ మాత్రలు వేయించే ముందు తల్లిదండ్రులకు పంపవలసిన కరపత్రం రాసే పని నాకు అప్పగించారు. శిక్షణలో ఇచ్చిన ఇంగ్లిషు ప్రతిలో ‘సాయిల్ ట్రాన్స్‌మిటెడ్ హెల్మింథియాసిస్’ (మట్టి ద్వారా వ్యాపించే హెల్మింథియాసిస్) అని ఉంది. బ్యానర్ల మీద మాత్రం ‘నులిపురుగులు’ అన్న ఒక్క మాటే కనిపిస్తోంది. ఇంతలో ఒక విద్యార్థి తండ్రి ఆసుపత్రి చీటీ తెచ్చి, అందులో ‘ఇంటెస్టైనల్ అమీబియాసిస్’ అని ఉందని, బడిలో ఇచ్చే మాత్రతో అది కూడా తగ్గుతుందా అని అడిగారు. రెండూ పేగుల్లో పరాన్నజీవుల వల్ల వచ్చేవే కదా, మరి హెల్మింథియాసిస్ అన్న పేరు ఎంతవరకు వర్తిస్తుంది? ‘వార్మ్ ఇన్ఫెక్షన్’ అనాలా, ‘వార్మ్ ఇన్ఫెస్టేషన్’ అనాలా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: పీహెచ్‌సీ పాతకాపు

మాస్టారూ, ముందు ఆ తండ్రికి చెప్పవలసిన సంగతి: బడిలో ఇచ్చే మాత్ర అమీబియాసిస్‌కు మందు కాదు. ఆ చీటీ రాసిన వైద్యుడు ఇచ్చిన మందులను పూర్తిగా వాడించమనండి.

పేగుల్లో చేరే పరాన్నజీవులు ప్రధానంగా రెండు తెగలు. కంటికి కనిపించేంత పెద్దవిగా పెరిగే, అనేక కణాలతో కూడిన పురుగులు ఒక తెగ. వీటివల్ల కలిగే వ్యాధినే హెల్మింథియాసిస్ అంటాము. ఎంటమీబా హిస్టోలిటికా, జియార్డియా వంటి ఏకకణ జీవులు రెండో తెగ. వీటివల్ల అమీబియాసిస్, జియార్డియాసిస్ వస్తాయి. అమీబియాసిస్‌కు సాధారణంగా మెట్రోనిడజోల్ లేదా టినిడజోల్ ఇచ్చి, ఆ తరువాత పేగులో మిగిలే సిస్టులను (గట్టి పొరలో ఉండే అమీబా రూపాలను) తొలగించడానికి మరొక మందు వాడతారు. రెండు తెగలకూ కలిపి ఒకే పేరు కావాలంటే ‘ఇంటెస్టైనల్ పారసైటోసిస్’ ఉంది గాని, చీటీ మీద అది ఒక్కటే రాస్తే ఏ మందు ఇవ్వాలో తేలదు. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులోనూ ఇవి వేరువేరు చోట్ల ఉంటాయి: అమీబియాసిస్ ఏ06 కింద, హెల్మింథియాసిస్‌లు బీ65 నుంచి బీ83 వరకు. ఏ పురుగో తేలని పేగు హెల్మింథియాసిస్‌కు బీ82.0 వాడతారు.

మరొక మెలిక కూడా ఉంది. హెల్మింథియాసిస్ అన్నంత మాత్రాన వ్యాధి పేగుల్లోనే ఉండాలని లేదు. బోదకాలు కూడా పురుగు వల్ల వచ్చేదే, కానీ ఆ పురుగు ఉండేది లింఫ్ నాళాల్లో. అందుకే జాగ్రత్తగా రాసేవారు ముందు ‘ఇంటెస్టైనల్’ అని చేరుస్తారు.

ఇక ఇన్ఫెస్టేషన్ మాట. మన దేశంలో వైద్యుల నోట ‘వార్మ్ ఇన్ఫెస్టేషన్’ అన్నదే ఎక్కువగా వినిపిస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే పేలు, గజ్జి వంటి ఒంటిమీది బెడదకు ఇన్ఫెస్టేషన్, ఒంటిలోపల చేరిన దానికి ఇన్ఫెక్షన్. తెలుగు కరపత్రంలో ఈ పేచీయే రాదు, ‘కడుపులో పురుగులు చేరడం’ అంటే సరిపోతుంది.

జవాబు: కటకం కింద

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. మా రిపోర్టులో హెల్మింథియాసిస్ అన్న మాట ఉండదు, ఉండకూడదు కూడా. అది వ్యాధి నిర్ధారణ. మేము చూసింది మాత్రమే రాస్తాము. మలాన్ని సెలైన్ చుక్కలో కలిపి చూసినప్పుడు ఏలికపాము గుడ్డు బంగారు గోధుమ రంగులో, అంచంతా బుడిపెలతో కనిపిస్తుంది. కొంకిపురుగు గుడ్డు పలుచని పెంకుతో, లోపల కణాల ముద్దతో, అద్దంలా తేటగా ఉంటుంది. కొరడాపురుగు గుడ్డుకు పీపా ఆకారం, రెండు కొసలా బిరడాలు. వాటిలో ఏది కనబడితే దాని పేరు రాస్తాము. అమీబా విషయంలో అంత ధీమా కుదరదు, ఎందుకంటే హాని చేసే హిస్టోలిటికా సిస్టుకూ, హాని చేయని మరో అమీబా డిస్పార్ సిస్టుకూ మైక్రోస్కోపులో తేడా తెలియదు.

వాడుకలో నులిపురుగులంటే అన్నీ వచ్చేస్తాయి గాని, పిల్లలకు రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నని తెల్లని పిన్‌వార్మ్‌నే చాలామంది ఆ పేరుతో గుర్తుపడతారు. తమాషా ఏమిటంటే మలపరీక్షలో దొరకకుండా తప్పించుకునేది ఎక్కువగా అదే. ఆడపురుగు రాత్రి బయటికి వచ్చి చర్మం మీద గుడ్లు పెడుతుంది కనుక, తెల్లవారి స్నానానికి ముందే పారదర్శక టేపు అంటించి తీసి చూడాలి. పైగా అది మట్టి ద్వారా కాక చేతివేళ్లు, గోళ్లు, పక్కబట్టల ద్వారా వ్యాపిస్తుంది. కాబట్టి మీ ఇంగ్లిషు ప్రతిలోని ‘సాయిల్ ట్రాన్స్‌మిటెడ్’ జాబితాలో అది లేదు. ఏలికపాము, కొంకిపురుగు, కొరడాపురుగు ఉన్నాయి.

జవాబు: పలకాబలపం

ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే కరపత్రంలో ఏ పురుగు ఏదో విడమరచి చెప్పడం అవసరమా? మాత్ర అన్నింటికీ ఒకటే కదా.

జవాబు: పీహెచ్‌సీ పాతకాపు

మాత్ర ఒకటే అయినా జాగ్రత్త ఒకటి కాదు. ఏలికపాము గుడ్డు నోటి ద్వారా లోపలికి వెళుతుంది, కాబట్టి అక్కడ చేతులు, కూరగాయలు కడగమని చెప్పాలి. కొంకిపురుగు పిల్ల తడిమట్టిలో నుంచి అరికాలి చర్మాన్ని తొలుచుకుని ఎక్కుతుంది; ఎన్నిసార్లు చేతులు కడిగినా చెప్పులు లేకపోతే ప్రయోజనం లేదు. నెత్తురు పీల్చేది అదే కనుక, పొలంలో చెప్పులు లేకుండా తిరిగే పిల్ల పాలిపోయి, ఆయాసపడుతుంటే ముందుగా దాన్నే అనుమానిస్తాము. కొరడాపురుగు ఒక్క మోతాదుకు సరిగా లొంగదు. పిన్‌వార్మ్ అయితే రెండు వారాల తరువాత మరొక మోతాదు కావాలి, ఇంటిల్లిపాదీ వేసుకోవాలి. పేర్లన్నీ రాయకపోయినా ఏలికపాము, కొంకిపురుగు అన్న రెండింటినైనా చెప్పండి.

మోతాదు తప్పు పడకుండా చూడండి: రెండేళ్లు దాటినవారికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఒకటి నుంచి రెండేళ్ల లోపు వారికి అందులో సగం, నలిపి నీటిలో కలిపి. జ్వరంతోనో మరే జబ్బుతోనో ఉన్న పిల్లలకు ఆ రోజు వేయించకండి, తగ్గాక ఇప్పించవచ్చు.

జవాబు: మేకలమంద

నేను పశువైద్య సహాయకుడిని. మా వైపు ఊళ్లలో ‘నట్టల మందు’ (పశువుల కడుపులో పురుగులకు ఇచ్చే మందు) అంటే తెలియనివారు ఉండరు, ఏటా గొర్రెలకూ మేకలకూ తాపిస్తారు కనుక. ‘మీ పిల్లలకు వేసేది కూడా నట్టల మందు లాంటిదే’ అని చెబితే తల్లిదండ్రులకు వెంటనే బోధపడుతుంది. కాకపోతే ఆ మాటతో పాటు, పశువుల సీసాలోది పిల్లలకు పట్టవద్దని కూడా పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో మిగిలి ఉంది కదా అని పట్టించబోయినవారిని నేను ఆపవలసి వచ్చింది.