ఫ్లూట్ సౌండ్‌కి అటాక్ పెంచితే వేగంగా వాయించేటప్పుడు స్వరాలు మింగేస్తోంది

ప్రశ్న:
నా సింథ్‌లో (సింథసైజర్) సొంతంగా ఒక ఫ్లూట్ ప్యాచ్ (సౌండ్ సెట్టింగ్) చేసుకుంటున్నాను. కీ నొక్కగానే టక్కున మొదలై ఆర్గాన్‌లా వినిపిస్తోంది. వాల్యూమ్ ఎలా లేచి తగ్గాలో చెప్పే యాంప్ ఎన్వలప్‌లో అటాక్‌ని (శబ్దం పూర్తిగా లేవడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లకు పెంచాక నెమ్మదిగా సాగే పాటలకి చాలా బాగుంది, అచ్చం ఊదినట్టే. వేగంగా వాయిస్తే మాత్రం సగం స్వరాలు వినపడటం లేదు. రివర్బ్ (గదిలో మోగినట్టు చేసే ఎఫెక్ట్) కలిపితే ఇంకా మసకబారింది. రెండూ ఒకే ప్యాచ్‌లో కుదురుతాయా?

జవాబు:
కుదురుతాయి. రివర్బ్ తీసేయండి. సౌండ్ తయారయ్యేదాకా ఎఫెక్ట్స్ జోలికి వెళ్లకూడదని నా గట్టి నమ్మకం, లోపాలు వాటి వెనక దాక్కుంటాయి.

టెంపో 120 అయితే బీట్‌కి నాలుగు స్వరాల వేగంలో ఒక్కో స్వరానికి దక్కేది 125 మిల్లీసెకన్లే. మీ అటాక్ 200. శబ్దం పూర్తిగా లేవకముందే వేలు తీసేస్తున్నారు. యాంప్ అటాక్‌ని 20కి దించండి. ఆ మెత్తదనాన్ని ఫిల్టర్‌తో తెప్పించండి: లోపాస్ కటాఫ్ (దానికి పైనున్న ఫ్రీక్వెన్సీలని ఫిల్టర్ కోసేసే హద్దు) బాగా తగ్గించి, ఆ కటాఫ్‌ని కదిపే ఫిల్టర్ ఎన్వలప్ అటాక్ 150 దగ్గర పెట్టి, అమౌంట్ (ఎంత కదపాలో) కొద్దికొద్దిగా పెంచుతూ వినండి. స్వరం వెంటనే పలుకుతుంది, మెరుపు మాత్రం నిదానంగా వస్తుంది. కీ ఫాలో (పై స్వరాలకి కటాఫ్‌ని కూడా పైకి జరిపేది) కూడా పెంచండి, లేకపోతే పై స్వరాలు మూగబోతాయి.

ఇంకో జవాబు:
మోనో మోడ్‌లో (ఒకసారికి ఒక్క స్వరమే పలికేది) లెగాటో ఆన్ చేస్తే సరిపోదా? స్వరాలు కలిపి వాయించినప్పుడు ఎన్వలప్ మళ్లీ మొదలవ్వదు కాబట్టి అటాక్ మొదటి స్వరానికే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
లెగాటో బాగుంది, కానీ విడివిడిగా కొట్టే స్వరాలకి పాత సమస్యే. ఫిల్టర్ ఎంత తిప్పినా తేడా తెలియడం లేదు. ఆసిలేటర్‌లో (మూల శబ్దాన్ని పుట్టించే భాగం) సైన్ వేవ్ పెట్టాను.

మొదటి జవాబు ఇచ్చినవారు:
సైన్ వేవ్‌లో ఉండేది ఒక్క మూల స్వరమే. పైన హార్మోనిక్స్ (మూల స్వరంతో కలిసి పలికే పై ఫ్రీక్వెన్సీలు) లేనప్పుడు ఫిల్టర్ కోయడానికి ఏమీ ఉండదు, కటాఫ్ మరీ కిందికి దించితే వాల్యూమ్ తగ్గుతుందంతే. హార్మోనిక్స్ నిండుగా ఉండే సా వేవ్‌కి మార్చి ఫిల్టర్‌తో మెత్తబరచండి.

ఇక అసలు ప్రాణం ఊపిరి చప్పుడులో ఉంది. రెండో ఆసిలేటర్‌లో నాయిస్ (స్వరం లేని బుస్సుమనే శబ్దం) పెట్టి, దానికి వేరే ఎన్వలప్ ఇచ్చి, అటాక్ సున్నా, డికే (తగ్గడానికి పట్టే సమయం) 60 మిల్లీసెకన్లు, సస్టెయిన్ (కీ పట్టుకున్నంతసేపు నిలిచే స్థాయి) సున్నా చేయండి. వినీ వినపడనంత చాలు. ఏ వాయిద్యమో మన చెవి చాలావరకు ఆ మొదటి క్షణంలోనే పోల్చుకుంటుంది. 1987లో వచ్చిన రోలాండ్ డీ-50 సింథ్ దీన్నే వాడుకుంది: మొదలుకి రికార్డు చేసిన చిన్న శాంపిల్, ఆ తర్వాత సాగేదంతా సింథసైజ్ చేసిన శబ్దం. మెమరీ ఖరీదైన ఆ రోజుల్లో అంత సహజంగా పలికించారంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

వైబ్రాటోకి (స్వరం ఊగడం) ఎల్ఎఫ్ఓని (నెమ్మదిగా ఊగే ఆసిలేటర్) 5 హెర్ట్జ్ దగ్గర పెట్టి, అది కాస్త ఆగి మొదలయ్యేలా డిలే ఇవ్వండి. అప్పుడు నిలిపిన స్వరమే ఊగుతుంది, వేగంగా వెళ్లేవి నిటారుగా ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
సా వేవ్, నాయిస్ రెండూ పెట్టాను. వేగంగా వాయించినా ఇప్పుడు ప్రతి స్వరం వినపడుతోంది! వైబ్రాటో రేపు చూస్తాను.

ఇంకో జవాబు:
రేపటిదాకా ఆగేముందు ప్యాచ్‌ని ఖాళీ యూజర్ స్లాట్‌లో రైట్ (సేవ్) చేయండి. చాలా సింథ్‌లలో ఎడిట్ చేసింది తాత్కాలికంగానే ఉంటుంది, వేరే ప్యాచ్‌కి మారగానే పోతుంది.