రిలేకి ‘అంచె’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. ఆమదాలవలస దగ్గర ఒక బడిలో సైన్స్ చెబుతాను. పిల్లలతో గోడపత్రిక రాయిస్తుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాం.

వ్యాసం నాసా వాళ్ల మావెన్ గురించి. 2014 సెప్టెంబరులో, మన మంగళయాన్ కంటే రెండ్రోజుల ముందు అంగారకుణ్ని చేరిన నౌక అది. అక్కడి గాలి అంతరిక్షంలోకి ఎలా జారిపోతోందో చూడటం దాని మొదటి పని. ఒకప్పటి ఆర్గాన్ వాయువులో 65 శాతం పోయిందని 2017లో తేలింది దాని కొలతలతోనే. దీనికి మాటల లోటు రాలేదు. రెండో పని, కింద నేల మీద తిరిగే రోవర్ బండ్ల సమాచారం అందుకుని భూమికి చేర్చడం. ఇంగ్లీషులో రిలే అనే దీన్ని పిల్లలు ‘పునఃప్రసారం’ అని రాశారు.

నాకు మనసొప్పలేదు. పునఃప్రసారం అంటే రాత్రి వచ్చిన సీరియల్‌ని మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేయడం. ఇక్కడ జరిగేది చేతులు మారడం.

మా ఇంటి స్లాబు పోసిన రోజు గుర్తొచ్చింది. నిచ్చెన మీద మెట్టుకొకరు. మధ్యలో ఉన్నామె కింది నుంచి తట్ట అందుకుని, నడుము తిప్పి, ‘అందుకోవే గుంటా’ అంటూ పైదానికి ఇచ్చేది. మావెన్ చేసిందీ అదే. దాని పెద్ద యాంటెనా కదలదు, అందుకే భూమి వైపు చూడాలంటే నౌక ఒళ్లంతా తిరగాలి. రోవర్ నెత్తిమీదుగా పోయే కాసేపట్లో సమాచారం అందుకుని, దాచుకుని, ఇటు తిరిగి పంపేది. ఈ పని కోసమే 2019లో, తాను కొలిచే ఆ గాలికే ఒరుసుకుంటూ వేగం తగ్గించుకుని, కక్ష్య పైకొసను 6,200 కిలోమీటర్ల నుంచి 4,500కి దించుకుంది.

పాతకాలంలో పల్లకీ బోయీలు, టపా మనుషులు మారే మజిలీ ‘అంచె’. రిలే నౌకను ‘అంచె నౌక’ అందామా?

విజయనగరం నుంచి ఒక సభ్యురాలు: మాస్టారూ, అంచె అనగానే ఇప్పుడు ‘మూడంచెల భద్రత’ గుర్తొస్తుంది. ఒకదాని చుట్టూ ఒకటి వలయాలనుకుంటారు. ‘అందింపు నౌక’ తేలిక కదా?

పోస్టల్‌లో రిటైరైన సభ్యుడు: బెంగళూరులో మా అబ్బాయి ఇంటి దగ్గర పోస్టాఫీసు బోర్డు మీద ‘అంచె కచేరి’ అని ఉంటుంది. కన్నడంలో ఉత్తరాల అంచె బతికే ఉంది. మనం వదిలేసుకున్నాం.

నేను: కచేరి మాట చెప్పి మంచి పని చేశారండీ. మేడమ్, ‘అందింపు’ బాగుంది, పిల్లలు ఇట్టే పలుకుతారు. కానీ అది ఒక చేతి పనే చెబుతుంది. అంచెలో వరసంతా ఉంది. రోవర్ ఒక అంచె, నౌక ఒకటి, భూమ్మీద ఆ సంకేతాలు అందుకునే గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రాల్లోని పెద్ద డిష్‌లు మరొకటి. ‘అంచెలంచెలుగా’ అని ఇవాళ్టికీ అంటున్నాం కాబట్టి మాట చచ్చిపోలేదు.

ఇంకో సంగతి. 2025 డిసెంబరు 6న అంగారకుడి చాటుకెళ్లి వచ్చాక మావెన్ సంకేతం అందలేదు. ఆ భారం మిగతా నౌకల మీద పడింది. నిచ్చెన మీద ఒకామె దిగిపోతే పైనా కిందా ఉన్నవాళ్లు చేయి ఇంకాస్త చాపుతారు. ఆ వాక్యం రాయడానికి ‘పునఃప్రసారం’ పిల్లలకి పనికిరాలేదు. ‘ఒక అంచె తెగింది, మిగతావి అందుకున్నాయి’ అని వాళ్లే రాసుకున్నారు.