టెక్సాస్‌లో ఇంటి లోన్ వదిలేసి ఇండియా వెళ్లిపోవడం న్యాయమేనా?

ప్రశ్న
హెచ్‌1బీ (అమెరికా వర్క్ వీసా) మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే అక్కడ ఉండడానికి గడువు 60 రోజుల వరకే. డాలస్ వైపు ఇల్లు కొని, దాని ధర లోన్ బ్యాలెన్స్ కంటే పడిపోతే, "కట్టడం ఆపేసి ఫ్లైట్ ఎక్కేయండి, బ్యాంకు హైదరాబాద్ దాకా రాదు" అని సలహాలు ఇస్తున్నారు. కాలిఫోర్నియాలో ఇది మామూలేనట. చట్టం ఏమంటుందో ఒకటి, అసలు ఇది ధర్మమేనా?

జవాబు 1
కాలిఫోర్నియాతో పోల్చకండి. అక్కడ తాము ఉండడానికి ఇల్లు కొనుక్కునేందుకు తీసుకున్న లోన్‌కి బ్యాంకు ఇల్లు మాత్రమే తీసుకోగలదు, మిగతా బాకీ అడగలేదు. ఆ సంగతి తెలిసే అప్పిచ్చింది కాబట్టి, ఇల్లు అప్పజెప్పేయడం మాట తప్పడం కాదనే అంటాను.

టెక్సాస్‌లో మిగిలిన బాకీకి బ్యాంకు ఇల్లు వేలం వేశాక రెండేళ్లలోపు దావా వేయొచ్చు. బాకీ 4,20,000 డాలర్లు, వేలంలో వచ్చింది 3,40,000 అనుకోండి. ఇంటి అసలు విలువ తేల్చమని కోర్టును అడిగే హక్కు మనకుంది. అది 3,80,000 అని తేలితే మన మీద పడేది 80,000 కాదు, 40,000. దేశంలో లేకపోతే ఈ వాదన వినిపించేదెవరు?

జవాబు 2
"హైదరాబాద్ దాకా రాదు" అన్నది సగం నిజమే. అమెరికా కోర్టు తీర్పును ఇక్కడ నేరుగా అమలు చేయించలేరు, కానీ దాని ఆధారంగా మూడేళ్లలోపు ఇండియాలో కొత్త దావా వేయొచ్చు. అయినా దొరకను అన్న ధీమాతో ఎగ్గొట్టేదాన్ని ధర్మం అనలేం. కట్టే స్తోమత లేక ఇల్లు వదులుకోవడం వేరు, బ్యాంకులో డబ్బు ఉండి కూడా నష్టం ఇంకొకరి నెత్తిన పెట్టడం వేరు.

జవాబు 3
బ్యాంకు సంగతి సరే, పక్కింటివాళ్ల మాటేంటి? ఇల్లు మన పేరు మీద ఉన్నంతకాలం హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) బకాయి మనదే. అది రాకపోతే ఆ లోటు కాలనీ మొత్తం మీద పడుతుంది. చలికాలంలో హీటింగ్ లేని ఖాళీ ఇంట్లో పైపులు గడ్డకట్టి పగిలితే, చాలా బీమా పాలసీల్లో 30-60 రోజులు ఖాళీగా ఉన్న ఇంటికి కవరేజీ తగ్గిపోతుంది.

వెళ్లక తప్పదనుకుంటే ఒక్క ఈఎంఐ కూడా తప్పకముందే సర్వీసర్‌కి (లోన్ వాయిదాలు వసూలు చేసే సంస్థకి) ఫోన్ చేయండి. సాధారణంగా 120 రోజుల బకాయి దాటేదాకా వాళ్లు ఫోర్‌క్లోజర్ (బాకీ కోసం ఇల్లు వేలం వేసే ప్రక్రియ) మొదలుపెట్టకూడదు. షార్ట్ సేల్ (బ్యాంకు ఒప్పుకోలుతో బాకీ కంటే తక్కువకి ఇల్లు అమ్మడం) కానీ, ఇల్లు బ్యాంకుకే రాసిచ్చేయడం కానీ అడగండి. వేలానికి 37 రోజులకు మించి ముందుగా దరఖాస్తు పూర్తిగా అందితే, దాన్ని పరిశీలించి తీరాలి. హడ్ (అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ) ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్ల సాయమూ తీసుకోండి.

మిగిలిన బాకీ వదులుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఉంటేనే సంతకం పెట్టండి. ఆ మాట లేని కాగితం మీద సంతకం పెడితే ఇల్లూ పోతుంది, అప్పూ మిగులుతుంది. మాఫీ అయిన మొత్తానికి 1099-సి (మాఫీ అయిన అప్పును పన్ను శాఖకు తెలిపే ఫారం) వస్తే పన్ను పడొచ్చు, కాబట్టి ఆ ఏడాది రిటర్న్ ఇండియా నుంచైనా వేయాలి.